మీకు తెలుసా? కంప్యూటర్ల పోటీలో నెగ్గింది ఎవరు?

కొత్త కంప్యూటర్ కొందామనుకున్న ఇంట్లో మొదలయ్యే వాదం అందరికీ తెలిసిందే. "విండోస్ ల్యాప్‌టాప్ చాలు, సగం ధరకే వస్తుంది" అంటారు ఒకరు. "కొంటే మ్యాకే కొనాలి, ఏళ్లపాటు చూసుకోనక్కర్లేదు" అంటారు మరొకరు. ఈ వాదానికి దాదాపు యాభై ఏళ్ల వయసు. పేర్లు మారాయి కానీ ప్రశ్నలు అవే: ఏది గట్టిది, ఏది చవక, ఏది కొత్తది? ఈ మూడింటిలోనూ ఒకే యంత్రం ముందు నిలవడం పర్సనల్ కంప్యూటర్ చరిత్రలో మహా అరుదు. ఒకరు ధరతో నెగ్గారు, ఒకరు నాణ్యతతో నిలిచారు. ఇంకొందరు కొత్తదనం తెచ్చి, దాని ఫలం దక్కకుండానే మూతపడ్డారు. వాళ్ల ఆలోచనలు మాత్రం ఇవాళ మన బల్లమీదున్న యంత్రాల్లో పనిచేస్తూనే ఉన్నాయి. ఆ కథలోంచి కొన్ని విశేషాలు.

పాతిక డాలర్ల చిప్పు

ఇంటెల్ 8080 ప్రాసెసర్ 1974లో వచ్చినప్పుడు ఒక్కోటి 360 డాలర్లు. మోటొరోలా నుంచి బయటికొచ్చిన చక్ పెడల్, బిల్ మెన్ష్ తదితరులు మాస్ టెక్నాలజీ అనే కంపెనీలో చేరి, మరుసటి ఏడాదే 6502 అనే చిప్పు తెచ్చారు. ధర 25 డాలర్లు. ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో సొంత కంప్యూటర్ తయారుచేసుకుంటున్న కాబోయే యాపిల్ సహస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ దాన్ని ఎంచుకోవడానికి ఆ ధరే ప్రధాన కారణం. యాపిల్ 1, యాపిల్ 2, కమొడోర్ పెట్, అటారీ 800, బీబీసీ మైక్రో బజారులో ఒకదానితో ఒకటి పోటీపడ్డాయి. మూత తీస్తే అన్నిటి లోపలా ఉన్నది ఆ చిప్పే.

1977: ముగ్గురు పోటీదారులు

పెట్టె విప్పి వాడుకోగలిగే కంప్యూటర్లు ఆ ఏడాది మూడు వచ్చాయి. రేడియోషాక్ దుకాణాల్లో అమ్మిన టీఆర్‌ఎస్-80 తెరతో సహా సుమారు 600 డాలర్లు. కమొడోర్ పెట్ 795. యాపిల్ 2 అయితే 4 కిలోబైట్ల మెమరీతో 1,298 డాలర్లు, తెర విడిగా కొనుక్కోవాలి. మొదట్లో ఎక్కువగా అమ్ముడైనది టీఆర్‌ఎస్-80. కానీ యాపిల్ 2లో రంగులు ఉన్నాయి, అదనపు కార్డులు గుచ్చుకోవడానికి ఎనిమిది స్లాట్లు ఉన్నాయి. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ రాసిన విజికాల్క్ అనే లెక్కల పట్టీ ముందుగా యాపిల్ 2కే వచ్చింది. వంద డాలర్లలోపు దొరికే ఆ సాఫ్ట్‌వేర్ కోసం వ్యాపారులు వెయ్యి డాలర్లు దాటిన యంత్రాన్ని కొన్నారు. యాపిల్ 2 కుటుంబం 1993 దాకా తయారీలో ఉంది. యంత్రం విలువ దానిమీద ఏ పని చేసుకోగలమన్నదాన్ని బట్టి ఉంటుందని మార్కెట్ అప్పుడే చెప్పింది.

అందరికంటే ఎక్కువ అమ్ముడైనది

ఒకే మోడల్‌గా అత్యధికంగా అమ్ముడైన కంప్యూటర్ అని గిన్నిస్ బుక్ గుర్తించినది కమొడోర్ 64. దాని అమ్మకాలు కోటికి పైనే. 1982లో 595 డాలర్లకు వచ్చింది, మరుసటి ఏడాదికల్లా ధర 200 డాలర్ల దగ్గరికి దిగింది. ఇది ఎలా సాధ్యమైంది? 6502 చిప్పు చేసిన మాస్ టెక్నాలజీని కమొడోర్ 1976లోనే కొనేసింది. చిప్పులు సొంతం కాబట్టి పోటీదారులు భరించలేని ధరకు అమ్మగలిగింది. కంపెనీ స్థాపకుడు జాక్ ట్రమీల్ పోలండ్‌లో పుట్టి, ఆష్విట్జ్ నాజీ శిబిరం నుంచి బతికి బయటపడినవారు. కంప్యూటర్ కలవారికే కాదు, జనానికందరికీ అందాలన్నది ఆయన పంతం. ఆ ధరల యుద్ధానికి తాళలేక టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అంతటి సంస్థ 1983లో ఇంటి కంప్యూటర్ల వ్యాపారం మానుకుంది.

తొందరపాటులో తెరిచిన తలుపు

1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. ప్రారంభ ధర 1,565 డాలర్లు, మెమరీ 16 కిలోబైట్లు. ఫ్లోరిడాలోని బోకా రేటన్‌లో డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వంలో చిన్న బృందం దీన్ని సుమారు ఏడాదిలో పూర్తిచేసింది. అంత త్వరగా కావాలంటే అన్నీ సొంతంగా చేసుకునే వ్యవధి లేదు. అందుకే ప్రాసెసర్ ఇంటెల్ నుంచి, డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ నుంచి తెచ్చుకుంది. మిగతా భాగాల్లోనూ చాలావరకు బజారులో ఎవరైనా కొనుక్కోగలిగినవే. ఇతర కంపెనీలు కార్డులు తయారుచేయడానికి వీలుగా లోపలి వైరింగు పటాలతో సహా పుస్తకం అచ్చువేసి అమ్మింది. డాస్‌ను ఇతరులకు అమ్ముకునే హక్కు మైక్రోసాఫ్ట్ తన దగ్గరే ఉంచుకుంది. ఐబీఎం సొంతమని చెప్పదగినది బయాస్ అనే చిన్న ప్రోగ్రామ్ ఒక్కటే మిగిలింది.

చూడకుండా రాసిన ప్రోగ్రామ్

ఆ ఒక్క అడ్డూ ఎలా తొలగిందో తెలుసా? టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేసిన రాడ్ కానియన్, జిమ్ హారిస్, బిల్ ముర్టో 1982లో హ్యూస్టన్‌లో కాంపాక్ స్థాపించారు. బయాస్‌ను నకలు కొడితే కాపీరైటు ఉల్లంఘన. అందుకని పనిని రెండుగా విడదీశారు. ఒక బృందం ఐబీఎం ప్రోగ్రామ్‌ను చదివి, అది ఏ ఆదేశానికి ఏం చేస్తుందో మాత్రమే రాసిపెట్టింది. ఐబీఎం రాతను ఎన్నడూ చూడని మరో బృందం ఆ వివరాల ఆధారంగా కొత్త ప్రోగ్రామ్ రాసింది. చేసే పని అదే, రాత మాత్రం పూర్తిగా వేరు. 1983లో వచ్చిన కాంపాక్ పోర్టబుల్ బరువు పన్నెండు కిలోలు దాటినా, ఐబీఎం పీసీ సాఫ్ట్‌వేర్ దానిమీద మార్పు లేకుండా నడిచింది. 1984లో ఫీనిక్స్ టెక్నాలజీస్ ఇదే పద్ధతిలో బయాస్ రాసి, అడిగినవారికల్లా అమ్మడం మొదలుపెట్టింది. దాంతో పీసీ ఒక కంపెనీ సరుకుగా ఉండటం మానేసి పరిశ్రమ మొత్తానికీ కొలమానమైంది.

దీని ఫలితం మనకు బాగా తెలుసు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి మదర్‌బోర్డు ఒక షాపులో, ర్యామ్ ఇంకో షాపులో, క్యాబినెట్ మరోచోట బేరమాడి కొని, అక్కడే బిగించుకుని తెచ్చుకున్న అసెంబుల్డ్ కంప్యూటర్లు ఎన్ని ఇళ్లలో లేవు? బ్రాండెడ్ యంత్రం కొనలేని కుటుంబాల పిల్లలు కంప్యూటర్ నేర్చుకున్నది వాటిమీదే. ఆ స్వేచ్ఛకు పునాది హ్యూస్టన్‌లో పడింది.

తలుపు మళ్లీ మూయబోతే

1987లో ఐబీఎం పీఎస్/2 అనే కొత్త వరసను తెచ్చింది. అందులోని మైక్రో ఛానెల్ అనే కార్డుల పద్ధతి సాంకేతికంగా పాతదానికంటే మేలైనదే. అయితే వాడుకోవాలంటే ఐబీఎంకు రుసుము కట్టాలి, పాత కార్డులు పనికిరావు. కాంపాక్ సహా తొమ్మిది కంపెనీలు కలిసి పాత కార్డులు కూడా పట్టే పోటీ పద్ధతిని ప్రకటించాయి. జనం తమ దగ్గరున్నది పనికొచ్చే దారినే ఎంచుకున్నారు. పీఎస్/2 పేరు చివరికి గుండ్రటి కీబోర్డు, మౌస్ ప్లగ్గులకు మాత్రం మిగిలింది. 2005లో ఐబీఎం తన పీసీ వ్యాపారాన్నే చైనాకు చెందిన లెనోవోకు అమ్మేసింది.

ఎత్తి కింద పడేయమన్న కంపెనీ

యాపిల్ అంటే నాణ్యత అన్న మాట మొదటినుంచీ నిజం కాదు. 1980లో వ్యాపార సంస్థల కోసం తెచ్చిన యాపిల్ 3 ధర నాలుగు వేల డాలర్ల పైమాటే. చప్పుడు చేయకూడదని స్టీవ్ జాబ్స్ ఫ్యాను పెట్టనివ్వలేదు. ఆ యంత్రాల్లో చిప్పులు సాకెట్లలోంచి పైకి లేచి వదులయ్యేవి. యంత్రాన్ని కొన్ని అంగుళాలు పైకెత్తి బల్లమీద పడేస్తే చిప్పులు తిరిగి కూర్చుంటాయని కంపెనీవాళ్లే సలహా ఇచ్చారు. తొలి విడతలోని వేలాది యంత్రాలను మార్చి ఇవ్వాల్సి వచ్చింది. తర్వాత లోపాలు సరిదిద్దినా పోయిన పేరు తిరిగి రాలేదు.

ఎన్నేళ్లైనా చెడని మీటలు

నాణ్యత అంటే ఏమిటో చూడాలనుకుంటే ఐబీఎం మోడల్ ఎం కీబోర్డును చూడాలి. 1985లో వచ్చింది. ప్రతి మీట కింద చిన్న స్ప్రింగు ఉంటుంది. నొక్కగానే అది వంగి టక్కుమంటుంది, అక్షరం పడిందని వేలికీ చెవికీ ఒకేసారి తెలుస్తుంది. బరువు రెండు కిలోల పైనే. అప్పట్లో కొన్నవి ఇప్పటికీ పనిచేస్తున్నాయి. రాతపని, ప్రోగ్రామింగ్ చేసేవాళ్లు పాత సామాన్ల అంగళ్లలో వెతికి మరీ కొంటున్నారు. కెంటకీలోని లెక్సింగ్టన్‌లో యూనికాంప్ అనే సంస్థ ఆ పద్ధతిలోనే కీబోర్డులు ఇంకా తయారుచేస్తోంది.

ఒక లెక్క తప్పు, 47.5 కోట్ల డాలర్లు

1994లో వర్జీనియాకు చెందిన గణిత ఆచార్యుడు థామస్ నైస్లీ ప్రధాన సంఖ్యల మీద పరిశోధన చేస్తూ తన పెంటియం కంప్యూటర్ కొన్ని భాగహారాల్లో తప్పు జవాబు ఇస్తోందని కనిపెట్టారు. మామూలు వాడకందార్లకు ఆ లోపం తగలడం చాలా అరుదని ఇంటెల్ మొదట సర్దిచెప్పబోయింది. జనం ఒప్పుకోలేదు. చివరికి అడిగినవారందరికీ చిప్పు మార్చి ఇచ్చింది. అందుకు పక్కన పెట్టిన సొమ్ము 47.5 కోట్ల డాలర్లు. ప్రపంచంలో ఎక్కువమంది కొనేది కాబట్టి తప్పులుండవన్న భరోసా ఎక్కడా లేదు. వాడేవాళ్లు నిలదీస్తేనే నాణ్యత నిలబడుతుంది.

ఈ మాట ఇప్పటికీ వర్తిస్తుంది. 2015లో యాపిల్ పలచటి ల్యాప్‌టాప్‌ల కోసం తెచ్చిన బటర్‌ఫ్లై కీబోర్డు చిన్న దుమ్ము రేణువుకే మొరాయించింది. దావా వేసిన వినియోగదారులతో 5 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకోవాల్సి వచ్చింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దొర్లిన పొరపాటు ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను నిలిపేసింది.

పీసీ సృష్టించిన సంస్థలో మ్యాక్‌లు

ఖరీదైనది వాడితే చివరికి చవక పడుతుందా? పీసీకి జన్మనిచ్చిన ఐబీఎం తన ఉద్యోగులకు మ్యాక్ ఎంచుకునే వీలు కల్పించి, ఖర్చులు లెక్కగట్టింది. నాలుగేళ్ల వాడకంలో ఒక్కో మ్యాక్ మీద పీసీతో పోలిస్తే 250 డాలర్లకు పైనే మిగులుతోందని 2016లో ప్రకటించింది. సాంకేతిక సహాయం కోసం వచ్చే ఫోన్లు తగ్గడం అందుకు ఒక ముఖ్య కారణం. అది వేలాది యంత్రాలు నడిపే పెద్ద సంస్థ లెక్క. రిపేరు ఖర్చంతా మన జేబులోంచే పోయే ఇంట్లో లెక్క వేరుగా ఉండవచ్చు. అయినా ఒక పాఠం మాత్రం అందరికీ పనికొస్తుంది: బిల్లు మీద రాసిన ధర సగమే, వాడిన ఏళ్లలో పెట్టే ఖర్చు మిగతా సగం.

ఒక ఆలోచన పదహారు వేల నుంచి దిగిన తీరు

మౌస్‌ను డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరులోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో జనం ముందు పెట్టి చూపారు. కిటికీలు, బొమ్మలు, మౌస్ ఉన్న ఆల్టో అనే యంత్రం 1973లో జిరాక్స్ పరిశోధనాలయంలో తయారైంది. ఆ ఆలోచనలతో 1981లో జిరాక్స్ అమ్మకానికి పెట్టిన స్టార్ ధర 16,595 డాలర్లు. జిరాక్స్‌కు తన వాటాలు కొనే అవకాశమిచ్చి ఆ ప్రయోగశాలను చూసొచ్చిన యాపిల్ 1983లో లీసాను 9,995కి, 1984 జనవరి 24న మాకింటాష్‌ను 2,495కి తెచ్చింది. మాకింటాష్ మెమరీ 128 కిలోబైట్లే, తెర తొమ్మిది అంగుళాలే. కానీ కంప్యూటర్ ముందు కూర్చున్న మామూలు మనిషికి ఆదేశాలు బట్టీపట్టే బాధ తప్పింది. 1990లో వచ్చిన విండోస్ 3.0 అదే సౌకర్యాన్ని చవక పీసీలమీదకు తెచ్చింది. తన తెర రూపాన్ని కాపీ కొట్టారని యాపిల్ 1988లో మైక్రోసాఫ్ట్ మీద వేసిన దావా కోర్టులో నిలబడలేదు. కనిపెట్టినది ఒకరు, మెరుగుపరిచినది ఇంకొకరు, ఊరూరికీ చేర్చినది మరొకరు. ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా మౌస్ మన చేతికి వచ్చేది కాదు.

పదేళ్లు ముందు పుట్టిన అమీగా

కొత్తదనానికి ఒక్క యంత్రాన్ని చూపమంటే నేను చూపేది అమీగానే. 1985 జులైలో న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో కమొడోర్ దీన్ని ఆవిష్కరించింది. ప్రసిద్ధ చిత్రకారుడు యాండీ వార్హాల్ వేదికమీదే గాయని డెబీ హ్యారీ బొమ్మను దానిమీద చిత్రించారు. ధర 1,295 డాలర్లు. అప్పటి మ్యాక్ తెర నలుపు తెలుపే, పీసీలో శబ్దమంటే ఒక్క బీప్. అమీగాలో 4,096 రంగులు, నాలుగు ఛానెళ్ల స్టీరియో ధ్వని. జే మైనర్ బృందం బొమ్మలకు, శబ్దానికి విడిగా చిప్పులు రూపొందించింది. ఒకేసారి అనేక ప్రోగ్రాములు నడిపే అసలైన మల్టీటాస్కింగ్ 256 కిలోబైట్ల మెమరీలో సాధ్యం చేసింది. ఆ స్థాయి మల్టీటాస్కింగ్ మామూలు పీసీ వాడకందారుకు విండోస్ 95తో, మ్యాక్ వాడకందారుకు 2001లో ఓఎస్ టెన్‌తో గాని అందలేదు. బాబిలోన్ 5 టీవీ ధారావాహిక తొలి దృశ్యాల్లోని అంతరిక్ష నౌకలను అమీగాల మీదే సృష్టించారు.

ఇంత ఉండీ ఎందుకు నిలవలేదు? అమ్ముకునే తీరు తెలియక. ఆఫీసులు దాన్ని ఆటబొమ్మ అనుకున్నాయి, యాజమాన్యం ఆ అభిప్రాయాన్ని మార్చలేకపోయింది. 1994 ఏప్రిల్‌లో కమొడోర్ దివాలా తీసింది. గ్రాఫిక్స్‌కు ప్రత్యేక హార్డ్‌వేర్ ఉండాలన్న అమీగా ఆలోచన మాత్రం ఇవాళ ప్రతి కంప్యూటర్‌లో, ప్రతి ఫోనులో ఉంది.

ప్రత్యర్థి యంత్రం మీద పుట్టిన ఎక్సెల్

ఎక్సెల్ మొదట విండోస్ కోసం రాసినది కాదు. 1985లో మ్యాక్ కోసం వచ్చింది, విండోస్‌కు 1987లో చేరింది. పవర్‌పాయింట్ కూడా 1987లో మ్యాక్ సాఫ్ట్‌వేర్‌గానే పుట్టింది. దాన్ని చేసిన ఫోర్‌థాట్ సంస్థను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది 1.4 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 1997లో యాపిల్ చిక్కుల్లో ఉన్నప్పుడు మైక్రోసాఫ్ట్ 15 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టి, మ్యాక్‌కు ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఐదేళ్లపాటు ఇస్తానని మాట ఇచ్చింది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టాక, మరుసటి నెలలోనే యాపిల్ ఐప్యాడ్ కోసం ఆఫీస్‌ను విడుదల చేశారు. అభిమానులు తగువులాడుకుంటున్నంతగా ఆ కంపెనీలు ఎన్నడూ పగబట్టి లేవు.

అమ్ముడుపోని యంత్రం మీద వెబ్

యాపిల్ నుంచి బయటికొచ్చాక స్టీవ్ జాబ్స్ స్థాపించిన నెక్స్ట్ కంపెనీ 1988లో 6,500 డాలర్లకు ఒక కంప్యూటర్ తెచ్చింది. ఆ ధరకు కొనేవాళ్లు తక్కువే. కొన్నవాళ్లలో జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధనాలయం ఉంది. అక్కడ టిమ్ బెర్నర్స్‌లీ 1990లో ప్రపంచపు తొలి వెబ్ సర్వర్‌ను, తొలి వెబ్ బ్రౌజర్‌ను నెక్స్ట్ మీదే రాశారు. 1996 డిసెంబరులో యాపిల్ ఆ కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. నెక్స్ట్ ఆపరేటింగ్ సిస్టమే మ్యాక్ ఓఎస్ టెన్ అయింది, ఐఫోన్ లోపలా దాని వారసత్వమే నడుస్తోంది.

కరెంటు ఇవ్వకుండానే నడిచిన చిప్పు

బ్రిటన్‌లో కంప్యూటర్ అక్షరాస్యత కోసం బీబీసీ చేపట్టిన కార్యక్రమానికి కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ సంస్థ 1981లో బీబీసీ మైక్రో తయారుచేసింది. ఆ యంత్రం మన దేశానికీ వచ్చింది. 1984–85లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన క్లాస్ పథకంలో వందలాది పాఠశాలల పిల్లలు తొలిసారి తాకిన కంప్యూటర్ అదే.

తర్వాతి యంత్రానికి తగిన ప్రాసెసర్ దొరక్క ఏకార్న్ ఇంజినీర్లు అమెరికా వెళ్లి, 6502 రూపకర్తల్లో ఒకరైన బిల్ మెన్ష్ కార్యాలయం చూశారు. చిన్న బృందం కూడా ప్రాసెసర్ రూపొందించగలదన్న ధైర్యం అక్కడ కలిగింది. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన తొలి ఆర్మ్ చిప్పు 1985 ఏప్రిల్ 26న పనిచేసింది. అది ఎంత కరెంటు తింటోందో ఫర్బర్ కొలవబోతే మీటరు సున్నా చూపింది. తీరా చూస్తే విద్యుత్ తీగ తగిలించనే లేదు. పక్క సర్క్యూట్ల నుంచి సంకేత తీగల గుండా కారుతున్న కాస్త కరెంటుతోనే చిప్పు నడుస్తోంది! ఖరీదైన సిరామిక్ కవచం అక్కర్లేకుండా చవక ప్లాస్టిక్‌లో అమర్చడానికి వేడి తగ్గించాలని చూశారు. ఆ పొదుపే తర్వాత ఫోన్లకు ప్రాణమైంది. 1990లో ఏకార్న్, యాపిల్, వీఎల్ఎస్ఐ కలిసి ఆర్మ్‌ను విడి సంస్థగా నిలిపాయి. 2020 నవంబరులో యాపిల్ ఇంటెల్‌ను వదిలి మ్యాక్‌లలో పెట్టిన ఎం1 చిప్పు ఆర్మ్ జాతిదే. ఫ్యాను లేకుండానే రోజంతా పనిచేసే ల్యాప్‌టాప్ దానితో సాధ్యమైంది. కేంబ్రిడ్జ్ నుంచే 2012లో 35 డాలర్లకు వచ్చిన రాస్ప్‌బెరీ పై కూడా ఆర్మ్ మీదే నడుస్తుంది. దాని మోడల్ ఏ, మోడల్ బి పేర్లు బీబీసీ మైక్రో జ్ఞాపకార్థం పెట్టినవే.

స్లాటులోంచి వచ్చిన తెలుగు

డాస్ రోజుల్లో పీసీ తెరమీద తెలుగు ఎలా కనిపించింది? జిస్ట్ కార్డుతో. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణెలోని సీడాక్‌లో పూర్తిరూపం దాల్చిన ఆ కార్డును పీసీ ఖాళీ స్లాటులో గుచ్చితే, ఇంగ్లిషు కోసం రాసిన ప్రోగ్రాముల్లోనే తెలుగు, హిందీ, తమిళం టైపు చేసుకోవచ్చు. ఐబీఎం తన యంత్రాన్ని మూసి ఉంచి ఉంటే మన ఇంజినీర్లకు ఆ వీలుండేది కాదు. భారతీయ లిపుల కోసం ఆ కృషిలోనే రూపొందిన ఇస్కీ పద్ధతి, ప్రపంచ లిపులకు ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో మన భాషల అక్షరాల అమరికకు ఆధారమైంది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగు ఉంది. పదేళ్ల తర్వాత విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగును చూపింది.

శుభలేఖల వెనుక యాపిల్

1985లో యాపిల్ లేజర్‌రైటర్ ప్రింటర్, అడోబీ పోస్ట్‌స్క్రిప్ట్, ఆల్డస్ పేజ్‌మేకర్ కలిసి డెస్క్‌టాప్ పబ్లిషింగ్‌కు నాంది పలికాయి. అది మ్యాక్ మీద పుట్టిన విద్య. కానీ మన ఊళ్లలో డీటీపీ సెంటర్లు వెలిసింది చవక పీసీల మీద. శుభలేఖల నుంచి కవితా సంపుటాల దాకా పేజ్‌మేకర్, అను ఫాంట్లు జంటగా ఏళ్లతరబడి అచ్చుకు సిద్ధం చేశాయి. పేజ్‌మేకర్‌ను 1994లో సొంతం చేసుకున్న అడోబీకి 2007లో సీఈఓ అయిన శాంతను నారాయణ్ హైదరాబాదీ, బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినవారు. సత్య నాదెళ్లదీ అదే బడి.

ఈ కథలో ఒక నష్టమూ ఉంది. ఆ ఫాంట్లు యూనికోడ్ పద్ధతిలో లేనందువల్ల అప్పట్లో కూర్చిన ఫైళ్లు ఇవాళ తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. ప్రత్యేక కన్వర్టర్లతో మార్చుకోవాల్సి వస్తోంది. అందరూ వాడే ప్రమాణం కాకుండా ఒక ఫాంటుకో ఒక కంపెనీకో కట్టుబడితే ఎంత నష్టమో తెలుగు ప్రచురణకర్తలకు చెప్పక్కర్లేదు.

ఐఫోన్లను ఆపేసిన తెలుగు అక్షరం

2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరానికి కంటికి కనిపించని ఒక సంకేతం కలిసిన కూర్పు సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలో, మ్యాక్‌లలో అప్లికేషన్లు కుప్పకూలాయి. ప్రపంచ పత్రికలన్నీ తెలుగు పేరు రాశాయి. యాపిల్ కొన్ని రోజుల్లోనే అప్‌డేట్ విడుదల చేసి సరిదిద్దింది. తప్పు మన లిపిది కాదు, దాన్ని చాలినంతగా పరీక్షించకపోవడానిది. కోట్లమంది రాసే భాష సరిగ్గా నడవడం కూడా నాణ్యతలో భాగమేనని ఏ కంపెనీ అయినా గుర్తుంచుకోవాలి.

ధర సున్నా, వాటా శిఖరం

1991 ఆగస్టులో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన 386 పీసీ కోసం సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని ప్రకటించారు. చవక పీసీ లేకపోతే ఆ ప్రయోగమే లేదు. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లన్నీ లైనక్స్ అనే ఆ సిస్టమ్ మీదే నడుస్తున్నాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు దాన్ని తెలుగు మెనూలతో అందించారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు నోచుకోని పాత ల్యాప్‌టాప్ మీ ఇంట్లో ఉంటే పారేయకండి. లైనక్స్ వేసి చూడండి, పిల్లల చదువుకు ఇంకొన్నేళ్లు పనికొస్తుంది.

ఇంతకీ నెగ్గింది ఎవరు?

ధరలో నెగ్గింది పీసీ. తయారీలో ఎవరైనా పాలుపంచుకునే వీలుండటం దాని బలం. యంత్రాన్నీ సాఫ్ట్‌వేర్‌నూ ఒకరే చేయడంవల్ల వచ్చే పొందికలో నెగ్గింది మ్యాక్. కొత్తదనంలో అధిక భాగం జిరాక్స్, అమీగా, నెక్స్ట్, ఏకార్న్‌ల పుణ్యం. వాటిలో ఏ ఒక్కటీ ఇవాళ దుకాణంలో దొరికే కంప్యూటర్ పేరు కాదు. పోటీ ఉన్నంతకాలం ధరలు దిగాయి, నాణ్యత పెరిగింది, మన భాషకు చోటు దక్కింది. ఒక్కరి ఆధిపత్యం సాగినప్పుడల్లా వాడకందారే నష్టపోయాడు.

కాబట్టి కంప్యూటర్ కొనేటప్పుడు బ్రాండు అభిమానాన్ని పక్కనపెట్టి నాలుగు సంగతులు అడగండి. నా పని దీనిమీద సాగుతుందా? ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు? చెడితే మా ఊళ్లో బాగుచేసేవారు ఉన్నారా, ర్యామ్, బ్యాటరీ మార్చుకోవచ్చా? నా తెలుగు ఫైళ్లు రేపు వేరే యంత్రంలోనూ తెరుచుకుంటాయా? ఈ నాలుగింటికీ తృప్తికరమైన జవాబు ఏ యంత్రం ఇస్తే, మీ వరకు నెగ్గింది అదే.